ఏమీ లేదన్నయ్యా అని చెప్పిన ఆదివారం

ఎనిమిది నెలలపాటు మా ఇంట్లో పాట వినిపించలేదు సహోదరులారా! కొల్లేటికోట దగ్గర మా ఇల్లు ఎరిగినవాళ్లకి ఈ మాట నమ్మబుద్ధి కాదు, ఎందుకంటే మా నాన్న చేపల చెరువుల మీద పనిచేస్తూనే ఇరవై ఏళ్లు మన సంఘంలో పాట ఎత్తుకున్న మనిషి, ఆయన పోయాక కూడా అమ్మ పొయ్యి దగ్గరో, అన్నయ్య పెరట్లో బావి దగ్గరో, నేను మనసులోనో, ఎవరో ఒకరం పాడుతూనే ఉండేవాళ్లం. అలాంటి ఇంట్లో గిన్నె కింద పెట్టిన చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించని రోజులొచ్చాయి. అమ్మ అన్నం వడ్డించి గుమ్మంలో కూర్చునేది, అన్నయ్య గోడవైపు తిరిగి పడుకునేవాడు, నేను డైరీ తెరిచి ఒక్క మాట కూడా రాయలేక మూసేసేదాన్ని. ఆ మౌనానికి కారణం నేనే. ఆ సంగతి అప్పట్లో నాకు తెలుసు, దేవునికి తెలుసు, ఇంకెవరికీ తెలియదు.

పాస్టరు గారు ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్పమ్మా అని అడుగుతూనే ఉన్నారు, నేను తల వంచుకుని "రాసి ఇస్తానండీ" అంటూనే ఉన్నాను. పదిమంది ముందు నోరు విప్పాలంటే చిన్నప్పటి నుంచీ నా గొంతు పూడుకుపోతుంది. అందుకే మన సంఘ పత్రికకి రాస్తున్నాను, దయచేసి ఓపికగా చదవండి.

మా అన్నయ్య తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగ్ చదివాడు. చివరి సంవత్సరంలో కాలేజీ వాళ్ల మంచి రికార్డరు ఒకటి అడిగి తెచ్చి, ఒక మధ్యాహ్నం నాన్నని ఖాళీ మందిరంలో కూర్చోబెట్టి, డోలకు లేకుండా, తాళం లేకుండా, ఒక్క పాట పాడించి రికార్డు చేశాడు. ఆ తర్వాతి వర్షాకాలంలోనే నాన్న జ్వరంతో ప్రభువునందు నిద్రించారు. ఆ పాట మేము ఫోనులో వినేవాళ్లం, కాని అందులో నాన్న గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉండేది. ఒకరోజు అన్నయ్య వాళ్ల లెక్చరరు గారి గదిలో ఖరీదైన కన్వర్టర్ పెట్టె మీద అదే పాట విన్నాడు. ఫోనులో పాట అంకెల రూపంలో ఉంటుందట, ఆ అంకెల్ని మళ్లీ ధ్వనిగా మార్చేది ప్రతి ఫోనులోనూ ఉంటుంది గాని సన్నని సంగతులు దానికి అందవట, మంచి పెట్టె అయితే అవన్నీ అందిస్తుందట. ఆ సాయంత్రమే బస్సెక్కి వచ్చేసి చెప్పులు కూడా విప్పకుండా, "చిన్నీ! నాన్న ఊపిరుందే దాన్లో! చరణానికీ చరణానికీ మధ్య గాలి పీల్చుకుంటున్నారే నాన్న!" అని నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు.

అలాంటి పెట్టె మనలాంటివాళ్ల ఇళ్లలో కూడా ఉండాలని వాడికి పట్టుకుంది. గూడెంలో చిన్న గది అద్దెకి తీసుకుని, ఉద్యోగంలో చేరిన తోటివాళ్ల మాటలన్నీ పడుతూ, అరచేతిలో పట్టేంత పెట్టె ఒకటి తయారుచేశాడు. ఎక్కువ చేయించడానికి డబ్బు లేదు కనుక క్రౌడ్ ఫండింగ్ పెట్టాడు, అంటే వస్తువు తయారు కాకముందే, మాకు కావాలి అనుకున్నవాళ్లు ఇంటర్నెట్‌లో ముందుగా సొమ్ము కట్టి చేయిస్తారు. "నువ్వు పుస్తకాల పురుగువి కదా, నువ్వే రాయి" అంటే ఆ పేజీలో రాత నేనే రాశాను, నాన్న ఊపిరి సంగతి రాశాను. ఎక్కడెక్కడివాళ్లో నమ్మి కట్టారండీ! మన సంఘంలో కూడా కట్టారు. ఆ రోజు అన్నయ్య ప్రభువు బల్ల ముందు మోకరించి ఒక తీర్మానం చేసుకున్నాడు. "ప్రభువా, నన్ను నమ్మిన ప్రతి ఇంటికీ మంచి పెట్టె చేరాకే నేను మా నాన్న పాట వింటాను, అప్పటిదాకా నా చెవిన పెట్టుకోను." నేను పక్కనే ఉండి ఆమేన్ అన్నాను.

ఆ ఆమేన్ తర్వాత కొద్ది వారాలకే వాడి చెవులు మొరాయించాయి. ఏలూరు తీసుకెళ్లాను. డాక్టరు గారు పరీక్షలు చేసి, నరాలు బలహీనపడుతున్నాయి, సన్నని శబ్దాలు ముందు పోతాయి, మిగతాది ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేను అన్నారు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్న అన్నయ్య నావైపు తిరిగాడు. "అమ్మకి చెప్పకు. ఇకనించి నా చెవులు నువ్వే చిన్నీ." నేను తల ఊపాను. సహోదరులారా, ఒక మనిషి తన చెవులు తీసి నా చేతిలో పెట్టాడు!

మొదట్లో నమ్మకంగానే ఉన్నాను. గూడెం గదికి వెళ్లి రెండుసార్లు పాటలో తేడా కనిపెట్టి చెప్పాను, రెండుసార్లూ వాడు పెట్టె లోపలి బోర్డు మొదటినుంచీ మళ్లీ చేశాడు, చెప్పిన గడువు దాటిపోయింది, కట్టినవాళ్లు ఎప్పుడిస్తారు అని అడగడం మొదలుపెట్టారు, వాడి చొక్కా వాడికే వదులైపోయింది. అప్పుడు వచ్చింది ఆ ఆదివారం. మందిరం నుంచి వచ్చి భోంచేశాక, ఇంట్లో అమ్మ ఫోను చార్జరుకి పెట్టె తగిలించి, నాన్న పాట పెట్టి, హెడ్‌ఫోను నా తలకి పెట్టాడు. నాన్న పాడుతున్నారు. చరణం అయింది. నాన్న ఊపిరి పీల్చుకున్నారు, నేను మొదటిసారి విన్నాను, దేవా! కాని ఆ ఊపిరి మీదే దోమ రొదలాంటి సన్నని ఈల ఒకటి ఉంది. గూడెం గదిలో వేరే పాటలు పెట్టి విన్నప్పుడు అది లేదు.

"ఏమైనా ఉందా చిన్నీ?" అన్నాడు. మర్నాడే పెట్టెలు చేసే వర్క్‌షాపు వాళ్లకి, అన్నీ చేసెయ్యండి అని మాట ఇవ్వాలి. వాడి ముఖం చూశాను. ఉంది అంటే మళ్లీ మొదటినుంచీ. హెడ్‌ఫోను తీసి వాడి చేతిలో పెట్టాను.

"ఏమీ లేదన్నయ్యా. బాగుంది."

వాడు నా తల మీద చెయ్యి వేసి "దేవునికి స్తోత్రం" అన్నాడు. ఆ చెయ్యి బరువు నాకింకా తెలుస్తూనే ఉంది.

పెట్టెలు ఇళ్లకి చేరిన వారానికే ఉత్తరాలు మొదలయ్యాయి, ఈల వస్తోంది, ఈల వస్తోంది అని. అన్నయ్య పెట్టె చెవికి ఆనించుకుని, తిప్పి, మళ్లీ ఆనించుకుని, వాడికి వినిపించదు కదా, నావైపు తిరిగి "నీకు ఆ రోజు వినిపించిందా?" అన్నాడు. లేదన్నాను. తన చేతిపనే చెడిందనుకున్నాడు, ఎక్కడ చెడిందో దొరక్క సామానంతా గోనెసంచిలో కట్టేసి గూడెం గది ఖాళీ చేసి వచ్చేశాడు. అప్పటికి వాడి చెవుల సంగతి ఊళ్లో అందరికీ తెలిసిపోయింది, మందిరం బయట ఒక పెద్దాయన అందరూ వినేలా "ఏమ్మాయ్, మీ అన్న పెట్టెలో పాటకి ఈల ఉచితమటగా! చెవిటోడు చేసిన పెట్టె మరి! నువ్వయినా విని చూళ్లేదా?" అని నవ్వారు. "నాకు తెలీదండీ" అన్నాను. అది మూడోసారి. అన్నయ్య ఆ తర్వాత మందిరానికి రావడం మానేశాడు.

ఆ ఎనిమిది నెలల్లో వాడి చెవులు రోజురోజుకీ మూతపడ్డాయి. ముందు గుమ్మం దగ్గర పిలుపు వినిపించలేదు, తర్వాత పక్కన కూర్చుని పిలిచినా వినిపించలేదు, గట్టిగా అరిస్తేనే అందేది. "పోనీ నాన్న పాట ఇప్పుడే వినెయ్యి, ఇంకా కొంచెం ఉండగానే వినెయ్యి నాయనా" అని అమ్మ బతిమాలింది. "ఎవరికి మంచి పెట్టె చేరిందమ్మా? నేనెలా వింటాను?" అన్నాడు.

ఒకరోజు పొద్దున్నే మంచం ఖాళీగా ఉంది. అమ్మ ముఖం చూసి నేను పరుగెత్తాను. చెరువు గట్టు చివర నీళ్లలోకి కాళ్లు వేలాడేసి కూర్చుని ఉన్నాడు. వాడేం తలుచుకుని అక్కడికి వెళ్లాడో నేను ఈనాటికీ అడగలేదు. పదడుగుల దూరంలో గడ్డిలో మోకాళ్ల మీద పడ్డాను. "యేసయ్యా, నా అన్నయ్యని నేనే ఇక్కడిదాకా తెచ్చాను. వాణ్ని నాకివ్వు. నా నోరు నువ్వు తీసుకో, నువ్వే తెరువు, వాడు నన్ను అసహ్యించుకున్నా పరవాలేదు, వాణ్ని నాకివ్వు తండ్రీ!" అని ఏడ్చాను. ఒక్కటే గుర్తొచ్చింది, డైరీ. ఇంటికి పరుగెత్తి తెచ్చి, ఆ ఆదివారం పేజీ తీసి వాడి ఒడిలో పెట్టాను. అందులో రెండే వాక్యాలున్నాయి. 'సన్నటి ఈల వినిపించింది. లేదని చెప్పాను.'

చదివాడు. మళ్లీ చదివాడు. కొడతాడనుకున్నాను.

"ఆ రోజు పెట్టె ఏ చార్జరుకి పెట్టాను?" అన్నాడు.

"అమ్మ ఫోనుది!" వాడికి వినపడాలని అరిచాను. నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు, అవతలి గట్టు మీద చేపలకి మేత వేస్తున్నవాళ్లు తిరిగి చూశారు.

"గూడెంలో?"

"అక్కడ లేదు! ఇక్కడే ఉంది!"

"పెట్టెలో కాదన్నమాట. అక్కడ బ్యాటరీ మీద నడిపాను. చార్జరు కరెంటులోంచి వస్తోంది" అన్నాడు మెల్లిగా, తనలో తను. అంతే, డైరీ మీద తల పెట్టి వలవలా ఏడ్చాడు. "ఒక్క మాట చెప్పలేకపోయావటే... ఇన్నాళ్లూ నా చేతులే చెడిపోయాయనుకున్నానే." మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అది న్యాయమే. నాలుగో రోజు గోనెసంచి విప్పి, బల్ల సర్ది, "రా, కూర్చో" అన్నాడు.

కరెంటులో రొదని పెట్టెలోకి రానివ్వకుండా ఆపే చిన్న ముక్క ఒకటి చెయ్యాలి. వాడు చేస్తాడు, నేను వింటాను. "ఉందా?" "ఉంది." "సరిగ్గా విన్నావా?" "ఉందన్నయ్యా!" ప్రతి 'ఉంది'నీ లోపల ప్రార్థన చేసుకునే వాడికి అరిచి చెప్పేదాన్ని. అలా ఎన్ని రోజులో. ఒక మధ్యాహ్నం పాట ఆగినచోట నిశ్శబ్దం మాత్రమే ఉంది. "లేదు" అని అరిచాను. "ఇన్నిసార్లు ఉందన్నావు కాబట్టి ఈ లేదు నమ్ముతున్నా" అన్నాడు. దేవునికే మహిమ! నా పాపం క్షమించబడిందని నాకు తెలిసింది ఆ మాటలోనే.

కట్టినవాళ్లందరికీ నా పేరుతోనే ఉత్తరం రాశాను, తప్పు పెట్టెది కాదు, విన్నది చెప్పని నాది అని. కొందరు తిట్టారు, కొందరు ఇంక మాకొద్దన్నారు, చాలామంది ఆ ముక్క పంపమన్నారు. అమ్మా నేనూ కవర్లు అంటించాము. నవ్విన పెద్దాయన దగ్గరికి నేనే వెళ్లి చెప్తే, ఆయన "వాడినోసారి మందిరానికి తీసుకురామ్మా" అన్నారు.

ఆఖరి కవరు చేరిందని తెలిసిన రోజు అన్నయ్య స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, ప్రార్థన చేసి, నాన్న పాట పెట్టుకున్నాడు. అమ్మా నేనూ స్పీకరులో వింటున్నాము. హెడ్‌ఫోను సర్దుకున్నాడు. శబ్దం పెంచాడు. ఇంకా పెంచాడు. తర్వాత తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఏమీ వినిపించలేదండీ. నాన్న గొంతు కూడా వినిపించలేదు. ఆ ఆదివారం నేను ఒక్క మాట చెప్పి ఉంటే వాడు వినేవాడు.

అన్నయ్య నావైపు తిరిగి "ఊపిరుందా చిన్నీ?" అన్నాడు. ఉందని తల ఊపాను. "ఎక్కడో చూపించు" అన్నాడు. చరణం అయిపోగానే చెయ్యి పైకెత్తాను. నా చెయ్యి చూసి, నాన్న గాలి పీల్చుకున్న ఆ క్షణంలోనే, మా అన్నయ్య కూడా గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. మళ్లీ చరణం, మళ్లీ నా చెయ్యి, మళ్లీ వాడి ఊపిరి. పాట అయ్యేదాకా అలాగే. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. మా ఇంట్లోకి పాట అలా తిరిగి వచ్చింది.

దేవుడు వాడి చెవులు తిరిగి ఇవ్వలేదు, ఇవ్వాలని మీరు కూడా ప్రార్థన చెయ్యండి. కాని వాణ్ని ఆ గట్టు మీద నుంచి నాకు తిరిగి ఇచ్చాడు, నా నోరు తెరిచాడు, అందుకు నేను బతికినంతకాలం ఆయనకి రుణపడి ఉంటాను. ఇది చదువుతున్న సహోదరీ, సహోదరుడా, నీలో కూడా ఒక సన్నని ఈల ఉంటే, ఎవరి ముఖమో చూసి, దేనికో భయపడి నువ్వు దాన్ని దాచి ఉంటే, ఆలస్యం చెయ్యకు, నాలా ఆలస్యం చెయ్యకు. ఆయన ప్రేమగా అడుగుతున్నాడు, ఏమైనా ఉందా అమ్మా అని. ఆయన విని తట్టుకోగలడు, నమ్ము. ఉంది ప్రభువా అని చెప్పు.