ముక్తేశ్వరం తోటకు మూడో బొమ్మ

యూరపు పద్ధతినీ మన పద్ధతినీ కలిపి ప్రకృతి దృశ్యాలు వేసినవాణ్ణి కోనసీమలో నేనొక్కణ్ణే. ఆ విద్య పారిస్‌లో అబ్బిందని చాలాచోట్ల చెప్పాను. అబద్ధం. నేను దాటిన పెద్ద నీళ్ళు గోదావరే. యూరపు చిత్రాలను చూసింది అట్ట ఊడిన ఒక పాత పుస్తకంలో. రెండూ కలపక తప్పని స్థితి తెచ్చింది మాత్రం ముక్తేశ్వరంలో ఒక రైతు భార్య.

తొంభై ఆరు తుఫానుకు వాళ్ళ కొబ్బరితోట మొత్తం కూలిపోయింది. ఇరవై ఏడు చెట్లు. ఒక్క ఫొటో లేదు. ఆవిడ అమలాపురంలో మా ఇంటికి వచ్చి, తాను మరిచిపోయేలోగా ఆ తోటను బొమ్మగా వేసిపెట్టమని అడిగారు.

పుస్తకంలో చూసినట్టే వేశాను. ముందు నాలుగు చెట్లు నిలువెత్తున, వెనకవన్నీ మంచులో. నా కంటికి అద్భుతంగా కుదిరింది.

"మిగతా చెట్లేవండీ మేష్టారూ?"

"దూరమండీ. కనపడవు."

"నాకు కనపడతాయండీ."

రెండోసారి మంచు తీసేశాను. వెనక చెట్లు చిన్నగా తేలాయి.

"ఇవి మొన్న పాతిన మొక్కల్లా ఉన్నాయండీ. మా మావగారు వేసిన చెట్లండీ అవి."

ఇంకొకరి చేత వేయించుకోండి అనబోయి ఆగాను. ఆ తోటను నేనే నిలబెట్టాలి, అంతే.

మర్నాడు ఆవిడ వెంట తోటకు వెళ్ళాను. వేళ్ళు లేచిన గుంతలు మిగిలాయి. ఒక్కో గుంత దగ్గరా ఆగి చెప్పారు: పిడుగుపడి తల మాడినది, నీళ్ళు బాగా తియ్యగా ఉండేది, చీమలకు జడిసి కాయల దింపు తీసేవాళ్ళు ఎక్కనిది. ఆ మనిషికి ఏ చెట్టూ దూరం కాదు.

ఇంటికొచ్చి బొమ్మలో నేలను పైకి లేపాను. మన పాత పటాల్లోలా వరస మీద వరస. ముందుదీ వెనకదీ ఒకే ఎత్తు. వాటి మీద పడే వాన వెలుతురు మాత్రం పుస్తకంలోని యూరపుదే. మూడు నెలలు అన్నపానాలు మానేశానని తరువాత చెప్పుకున్నాను. పట్టింది పందొమ్మిది రోజులు. పనసపొట్టు కూర వండిన పూట రెండుసార్లు తిన్నాను.

ఆరీఆరని బొమ్మను ముక్తేశ్వరం తీసుకెళ్ళాను. ఆవిడ వేలు ఆనించకుండా ఒక్కో చెట్టునీ చూపిస్తూ వచ్చి, పదిహేడో దాని దగ్గర ఆగిపోయారు.

"ఇది కాలవ వేపు ఒరిగుండేదండీ."

"ఆయ్, ఒరిగిస్తానండీ."

"ఎండెక్కింది. రేపు చూద్దురుగాని."

"ఇప్పుడేనండీ" అని అరుగు మీద కూర్చుని, గుడ్డతో చెట్టును తుడిచేశాను. ఆవిడ పీట తెచ్చుకుని పక్కన కూర్చుని, ఎంత ఒరగాలో చేయి వంచి చూపిస్తున్నారు.