ఎనిమిది వాక్యాల్లో నా జీవితం

ఆ రోజుల్లో లోకంలో నాకు తెలియని సంగతంటూ ఉంటే, అది మా పేట లైబ్రరీలో లేని సంగతే అయి ఉంటుందని నా గట్టి నమ్మకం. పగలు చిక్కపేటలో మామ (అమ్మకు తమ్ముడు) అంగట్లో చీరలు మడతపెట్టడం, సాయంత్రం లైబ్రరీ మూసేదాకా చదవడం. పదో తరగతి తప్పాక ఆరేళ్లు నా చదువు అలాగే సాగింది. అప్పుడే కుందలహళ్ళిలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు వాళ్లు పుస్తకాల గది పెడుతున్నారని, చూసుకోవడానికి మనిషి కావాలని తెలిసింది. సర్టిఫికెట్లు అక్కర్లేదట, తన గురించి ఎనిమిది వాక్యాలు ఇంగ్లీషులో రాసి పంపితే చాలట. చీరల మడతల్లోంచి బయటపడే దారి నాకు అదొక్కటే కనిపించింది.

మూడు రోజులు కూర్చున్నాను. 'నేను' తర్వాత రెండో మాట రాలేదు. శాస్త్రీయంగా వెళ్దామని లైబ్రరీలో జీవిత చరిత్రల బీరువా మొత్తం తిరగేశాను. అందరిదీ ఒకటే పద్ధతి: 'ఆయన' అని మొదలు, పేద బాల్యం, అపార జ్ఞానం, చివర తీరని లోటు. ఆ బీరువాలో బతికున్నవాడు ఒక్కడూ లేడన్నది నేను గమనించలేదు. నిఘంటువు పక్కన పెట్టుకుని అదే వరసలో ఏడు వాక్యాలు రాసి, 'ఆయన లేని లోటు పుస్తకలోకానికి తీరనిది' అని ఎనిమిదోది ముగించాను. (రాస్తుంటే కాస్త కళ్లు చెమర్చాయి కూడా.)

వారం తర్వాత అంగడికి ఫోన్ వచ్చింది. ఆఫీసు మేడం ముందు సంతాపం తెలిపి, ఆ కాగితం పంపిన బంధువు ఎవరని కన్నడంలో అడిగిందట. మామ నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"లేదు మేడం, ఉండాడు. ఈడే చీరలు మడతపెడతా ఉండాడు. పొద్దున రెండు ముద్దలు తినె," అని, రిసీవర్ నా చేతికిస్తూ, "ఏమప్పా, పొయ్యేటోడివి నాకొక మాట చెప్పకూడదా?" అన్నాడు.

ఆమె నవ్వలేదు. బతికుండగా ఏం చేసేవారని మాత్రం అడిగింది. కళ్లు మూసుకుని అంచు తడిమి ఏ చీర ఏ అరలోదో చెప్పగలనని, లైబ్రరీలో పుస్తకాలైనా అంతేనని ఎలాగో గొణిగాను.

"ఇదే రాయాల్సింది," అంది. సోమవారం రమ్మంది.

ఆనాటి కాగితం నకలు ఈమధ్య బయటపడింది. చదవని పుస్తకమే లేదన్న మూడో వాక్యం అబద్ధమని ఎప్పుడో తేలిపోయింది. మిగతావి కాస్త అటూ ఇటూ. ఎనిమిదోది ఒక్కటే ఇంకా తేలాల్సి ఉంది. నాకేం తొందర లేదు.