వెనక్కి అంటే ముందుకి

ఆ రోజుల్లో మా దీవుల్లో ఇంటర్నెట్ అంటే వానాకాలపు ఎండ లాంటిది. ఒక వీడియో నొక్కి, అన్నం వార్చి, బట్టలు ఆరేసి వచ్చినా తెర మీద చక్రం ఇంకా తిరుగుతూనే ఉండేది. నాకు ఇరవై రెండేళ్లు. చేతిలో కంప్యూటర్ డిగ్రీ ఉంది, నోట్లో దానికి మించిన ధైర్యం ఉంది. డైరీ ఫార్మ్ అనే పేటలో ఒక బడికి ఇంటర్వ్యూకి వెళితే పెద్ద మేడమ్ (ప్రిన్సిపాల్‌ని అందరూ అలాగే పిలిచేవారు) "రోబోటిక్స్ ఆతా హై?" అని, వచ్చా అని హిందీలో అడిగారు. "ఆతా హై మేడమ్" అనేశాను. కిట్లు చెన్నై నుంచి ఓడలో రావాలి కదా, ఆ ఓడ వచ్చేలోగా నేర్చుకోలేనా అని నా ధీమా. ఓడ మరుసటి సోమవారమే వచ్చేసింది. (ఉల్లిపాయల ఓడ ఏనాడూ అంత తొందరపడలేదు.) ఉద్యోగం మూడు నెలల కాంట్రాక్టు. పైనుంచి ఒక పెద్దసారు వచ్చి పాఠం చూశాకే పొడిగింపు.

ఆరు కిట్లలో ఒకటి లంబాలైన్ పేటలో మా ఇంటికి పట్టుకెళ్లాను. చిన్న ప్లాస్టిక్ బండి, రెండు మోటార్లు, కొన్ని తీగలు. కంప్యూటర్‌లో 'ముందుకి', 'వెనక్కి' అని రాసున్న రంగు బిళ్లల్ని ఒకదాని కింద ఒకటి పేరిస్తే అదే ప్రోగ్రాం, బండి అలా నడుస్తుంది. పుస్తకంలో బొమ్మలు చూసి బిగించి, 'ముందుకి' పెట్టి మీట నొక్కాను. బండి జుయ్యిమని వెనక్కెళ్లి బియ్యం డబ్బాని గుద్దింది. పదిసార్లు నొక్కాను, పదిసార్లూ అదే వరస. పక్కన వల బాగుచేసుకుంటున్న నాన్న తలెత్తి, "అమ్మీ, ముందుకెల్లమంటే ఎనక్కెల్తందేటి? తీగలు ఉల్టా కట్టీసినావేమో సూడు" అన్నాడు. "నాన్నా, ఇది నీ చేపల డోంగీ పడవ ఇంజను కాదు, కంప్యూటరు" అన్నాను. "అలగా" అని మళ్లీ వలలోకి తల దించేసుకున్నాడు.

రెండు రోజులు కుస్తీ పట్టాక దారి దొరికింది. 'వెనక్కి' బిళ్ల పెడితే బండి బుద్ధిగా ముందుకి వెళుతోంది! ఇంకేం, మిగతా అయిదు బళ్లూ అలాగే బిగించాను. ఏడో తరగతి వాళ్లకి ఒక సిద్ధాంతం కూడా చెప్పాను. "రోబో మనకి ఎదురుగా నిలబడి ఆలోచిస్తుంది. అందుకని దానికి వెనక్కి అంటే మనకి ముందుకి." (అది ఎక్కడినుంచి ఊడిపడిందో ఇప్పటికీ తెలీదు.) నలభై మంది నోట్సులో రాసుకుని కింద ఎర్ర గీత కొట్టారు.

పెద్దసారు రానే వచ్చారు. బల్ల మీద బండి పెట్టాం. దాని వెనకాలే పకోడీల ప్లేటు, ఆ వెనక కుర్చీలో పెద్ద మేడమ్. "బండి ముందుకి వెళ్లాలంటే ఏ బిళ్ల పెట్టాలి?" అని ఆయన హిందీలో అడిగారు. "పీఛే, సర్!" వెనక్కి అని నలభై గొంతులు ఒక్కసారిగా పలికాయి. ఆయన నావైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. ఆయనే 'ముందుకి' బిళ్ల పెట్టి నొక్కారు. బండి రయ్యిన వెనక్కెళ్లి, ప్లేటుని తోసుకుంటూ పోయి, పకోడీలన్నీ పెద్ద మేడమ్ ఒళ్లో పోసింది.

ఒక్కరూ నవ్వలేదు. ముందు బెంచీ అమ్మాయి లేచి జాలిగా, "సర్, ఆప్ నే గలత్ కియా" అంది, తప్పు మీదేనని.

ఆయన బండిని తిరగేసి, ఎర్ర తీగ ఉన్నచోట నల్లది, నల్లది ఉన్నచోట ఎర్రది పెట్టి మళ్లీ నొక్కారు. ముందుకే వెళ్లింది. నాకు నాన్న గుర్తొచ్చాడు. చెవులు కాలిపోయాయి. "సర్, నాకు రోబోటిక్స్ రాదు. వచ్చని అబద్ధం చెప్పాను" అన్నాను. ఆయన బండిని నా చేతిలో పెట్టి, "ఈ ఒక్కటీ ఇక మరిచిపోరులెండి" అనేసి వెళ్లిపోయారు. పెద్ద మేడమ్ చీర దులుపుకుంటూ, "కల్ క్లాస్ మే ఖుద్ బతానా. తప్పు చెప్పానని పిల్లలకి నువ్వే చెప్పాలి. ఉద్యోగం సంగతి తర్వాత" అన్నారు.

మర్నాడు పిల్లల ముందు నిలబడి, "నేను తప్పు చెప్పాను" అన్నాను. అంత చిన్న మాటకి అంత నీరసం వస్తుందని అప్పుడే తెలిసింది. నిన్నటి అమ్మాయే లేచి, "మిస్, మరి నోట్సులో కొట్టెయ్యాలా?" అంది. కొట్టెయ్యమన్నాను. నలభై పెన్నులు బరబరా గీశాయి. తర్వాత అందరం నేల మీద కూర్చుని ఆరు బళ్లూ విప్పి తీగలు మార్చాం. ఎందుకు తిరుగుతుందో, ఎటు తిరుగుతుందో ఆ పూట వాళ్లూ నేర్చుకున్నారు, నేనూ నేర్చుకున్నాను. పెద్ద మేడమ్ గుమ్మంలో నిలబడి చూసి వెళ్లారు. వారం తిరక్కుండా పొడిగింపు కాయితం వచ్చింది.

ఇప్పటికీ అదే బడిలో ఉన్నాను. ఇంటర్నెట్ బాగుపడింది, నాకూ పని వచ్చింది. రానిది వచ్చని చెప్పే నాలాంటి పిల్ల ఇవాళ ఇంటర్వ్యూకి వస్తే ఉద్యోగం ఇస్తానని చెప్పలేను. కానీ ఆ పొద్దున నలభై మంది ముందు నిలబడి తప్పు ఒప్పుకున్న ఆ పిల్లని తలుచుకుంటే కాస్త కుళ్లు పుడుతుంది. ఇప్పుడు నా బండి తప్పుదారి పడితే, పిల్లలతో తడుముకోకుండా "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రావాలమ్మా" అంటున్నాను మరి.