బేరంలో వదిలేసిన పరీక్ష సైటు

ఆఫీసు వాళ్లంతా ఫైళ్లూ కబుర్లూ మీటింగులూ ఒకేచోట పెట్టుకునే సాఫ్ట్‌వేర్లు ఉంటాయి కదా, వాటి మీద కంపెనీకి తగ్గట్టు ఫారాలు, అనుమతుల వరసలు తయారుచేసి ఇవ్వడం నా పని. ఈ రంగంలో డెమోలు ఇచ్చేవాళ్లంటే నాకు అసహ్యం. నాలుగు పెట్టెలు స్క్రీన్ మీదికి లాగి, గీతలతో కలిపి, "చూశారా, కోడు రాయకుండానే యాప్ రెడీ" అంటారు. ఒక్క ఉతుకుకే వెలిసిపోయే చీరను గట్టి రంగని అమ్మడమే అది. అలాంటి చీరలు అమ్మిన కొట్లోనే పెరిగాను కాబట్టి నాకు తెలుసు.

కడప దగ్గర ఒక నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ యజమాని నన్ను పిలిచాడు. ఆర్డరు ఫారంలో పడాలి, మేనేజరు ఫోన్లోనే సరే అనాలి, వెంటనే కోత మిషను దగ్గరి మేస్త్రీకి కొలతలు పోవాలి. ఇది నచ్చితే ఓర్వకల్లులో పెడుతున్న కొత్త యూనిట్ పని కూడా నాకే. నా కన్నంతా ఆ ఓర్వకల్లు మీదే.

నేనిచ్చిన ధరల కాగితంలో ఆ సాఫ్ట్‌వేర్లో రెండు సైట్లు రాశాను: వాడుకకు ఒకటి, మార్పులు ముందుగా పరీక్షించుకోవడానికి ఒకటి.

"ఏమప్పా, ఒక ఫ్యాక్టరీకి రెండు సైట్లెందుకు? ఒకటి తీసెయ్," అన్నాడు.

"జనం వాడుతాండే దాంట్లో చెయ్యి పెట్టకూడదన్నా."

"అంటే నీ పని మింద నీకే నమ్మకం లేదు!"

మా కొట్లో ఒక పద్ధతి ఉండేది. కొనేవాడు లేవబోతే, మనకు పెద్ద నష్టం లేనిదేదో ఒకటి వదులుకోవాలి. ఆయన లేవబోయాడు. నేను పరీక్ష సైటు వదులుకున్నాను. బేరం ఎంత బాగా కుదుర్చుకున్నానో అని దారి పొడవునా మురిసిపోయాను కూడా, గాడిదను.

వాడకం మొదలైన రెండో వారం, అనుమతి సరిగ్గా పోతోందో లేదో చూద్దామని వాడుకలో ఉన్న సైట్లోనే ఒక ఉత్తుత్తి ఆర్డరు వేశాను. పైన 'టెస్ట్' అని రాసి, కొలతా లెక్కా నోటికొచ్చినట్టు పెట్టాను: అడుగున్నర పొడవు, మూడంగుళాల వెడల్పు, వెయ్యి ముక్కలు. మేనేజరు ఏదొచ్చినా చదవకుండా 'సరే' నొక్కే రకం. నొక్కేశాడు. మర్నాడు పోయి చూస్తే, మేలైన బండలన్నీ పట్టీలై పడున్నాయి.

"టెస్ట్ అని రాసినా కదా మేస్త్రీ!"

"నా సెల్లో కొలతా లెక్కే కదా సామీ కనపడేది! ఏ పిచ్చోడు అడిగినాడో అనుకున్యా. కోసినా. మళ్లీ అతకమంటావా?"

మేస్త్రీకి కొలతా లెక్కా తప్ప ఇంకేదీ కనపడకుండా ఆ తెర తయారుచేసింది నేనే.

యజమాని వచ్చి పట్టీల వైపు చూశాడు, తర్వాత నా వైపు.

"శానా బాగుండాది. ఓర్వకల్లు సంగతి మర్చిపోప్పా."

పరీక్ష సైటు వద్దన్నది తనేనని గుర్తు చేద్దామనుకున్నాను. కానీ సరేనన్నది నేను.

ఓర్వకల్లు పని డెమోల వాళ్లకు పోయిందని తర్వాత తెలిసింది. ఒక్క సైటు చాలని వాళ్లూ ఒప్పుకున్నారట. ఒక్కటి చాలదని వాళ్లకు ఫోన్ చేసి చెబుదామా అని నంబరు తీశాను. చెప్పలేదు.