వెనక్కి తీసుకున్న సంతకం

నాకు అక్షరాలు వచ్చింది అరవై రెండో ఏట. అంతవరకూ వేలిముద్రే. దేశం కాని దేశంలో, గిరావీన్‌లో మా అమ్మాయి ఇంటికొచ్చి, ఆమె పిల్లలు బడికి పోవడం మొదలయ్యాక, పగలంతా ఖాళీ ఇంట్లో కూర్చోలేక ముందు తెలుగు నేర్చుకున్నాను. తర్వాత పక్కనే ఉన్న పారమట్టాలో ఇంగ్లిష్ తరగతికి వెళ్ళాను. సంతకం వచ్చిన కొత్తలో ఎక్కడ పెట్టమన్నా పెట్టేదాన్ని. పార్సిల్ తెచ్చినవాడు అక్కర్లేదన్నా అడిగి మరీ పెట్టేదాన్ని.

మా వీధిలో ఒక తెలుగమ్మాయి ఉంది. వారం వారం కరివేపాకు కోసం వచ్చేది. ఓ మధ్యాహ్నం ఆమె కాగితం పట్టుకొచ్చినప్పుడు నేను కళ్ళజోడు కూడా వెతుక్కోలేదు.

"ఆంటీ, ఇక్కడొక్క సైన్ పెట్టండి. చివరి హౌస్ ఖాళీగా ఉంది కదా, అందులో రెఫ్యూజీ ఫ్యామిలీని పెడతారట. వద్దని కౌన్సిల్‌కి పిటిషన్ ఇస్తున్నాం."

"పాపం, ఎవరో?"

"పాపమే ఆంటీ, కాదనట్లేదు. కానీ మనవాళ్ళకే జాబ్స్ పోతున్నాయి. రెంట్లు చూడండి. ఒక్కళ్ళని రానిస్తే ఇంకా వస్తూనే ఉంటారు."

నిజమే అనిపించింది. మా అల్లుడి ఉద్యోగం పోయి అప్పటికి రెండు నెలలు. వంకర పోకుండా సంతకం పెట్టాను.

"సూపర్ ఆంటీ, నాకన్నా నీట్‌గా ఉంది!"

ఆ మాటకు సాయంత్రం దాకా సంతోషమే.

ఆ వారమే తరగతిలో మా టీచరు ఇంటివాళ్ళ గురించి చెప్పమంది. ఎనభై దాటిన మనిషి. ముందు తనే మొదలుపెట్టింది. వాళ్ళమ్మ యూదురాలు. జర్మనీలో యూదుల్ని తరుముతున్న రోజుల్లో ఆమెకు ఇక్కడికి రావడానికి అనుమతి దొరికింది, చెల్లెలికి దొరకలేదు. ఆ చెల్లెలు ఎన్నో దేశాలకు ఉత్తరాలు రాసిందట. అప్పుడు ప్రపంచమంతా పనుల్లేక అల్లాడుతోంది. జవాబులన్నీ మర్యాదగానే వచ్చాయి. మీ కష్టం తెలుసు, కానీ మావాళ్ళకే పనుల్లేవు. చేతిలో ఇంత డబ్బు చూపించండి. ఉన్నదంతా లాక్కున్నాక ఆమె ఏం చూపిస్తుంది? ఒకరిని రానిస్తే వెనకాల వేలమంది వస్తారని ఇంకో జవాబు.

"పనులొక్కటే కాదు, యూదులంటే ఇష్టం లేదు కూడా," అంది టీచరు. "పనుల్లేవంటే చెప్పడానికి బాగుంటుంది."

చెల్లెల్ని అక్కడే చంపేశారు. తర్వాత వంతు నాది. నేను సంచీ తీసుకుని లేచి వచ్చేశాను.

బస్సు దిగి, మోకాళ్ళు లాగుతున్నా నేరుగా ఆ అమ్మాయి ఇంటికే వెళ్ళాను.

"నా సంతకం తీసెయ్యాలమ్మా."

"అదేంటాంటీ! ముప్పై మంది పెట్టారు. మీదొక్కటి తీస్తే ఏం ఛేంజ్ అవుతుంది?"

"ఏమీ కాదులే. కాగితం తే."

"మీ అల్లుడే ఖాళీగా ఇంట్లో ఉన్నాడు. మీరేనా చెప్పేది!"

పెన్ను తీసుకుని నా పేరు మీద గీత గీశాను. రాయడం వచ్చాక నా పేరు నేను కొట్టెయ్యడం అదే మొదలు. గీత పక్క పేరు దాకా పోయింది. "అయ్యో ఆంటీ," అంటూ ఆ అమ్మాయి కాగితం లాక్కుంది.

కాగితం వెళ్ళింది. ఆ కుటుంబం రాలేదు. ఎక్కడికి వెళ్ళారో తెలిసినవాళ్ళెవరూ లేరు. మా కరివేపాకు చెట్టు ఆకు తెంపేవాళ్ళు లేక గుబురుగా పెరిగింది. తరగతికి వెళ్ళే రోజుల్లో ఆ ఖాళీ ఇంటి ముందునుంచే బస్‌స్టాప్‌కి నడుస్తాను. వచ్చేవాళ్ళ కోసం ఎవరో ముందే కట్టిన కర్టెన్లు కిటికీలో ఎండకు వెలిసిపోతున్నాయి.