మమ్మల్ని కొండలెక్కించిన ఆంటీ

మా ఆంటీ పోయారు. మంగళవారం మధ్యాహ్నం ల్యాబ్‌లో గ్లవ్స్ తీసి ఫోన్ చూసుకుంటే అంకుల్ నుంచి మిస్డ్ కాల్ ఉంది. ఆయన నాకు ఎప్పుడూ ఫోన్ చేసిన మనిషి కాదు. ఏదైనా చెప్పాలంటే ఆంటీ చేతే చెప్పించేవారు. అందుకే నేను తిరిగి చేయకముందే సగం అర్థమైంది. "పొద్దున కాఫీ తాగి కుర్చీలో వెనక్కి వాలిందమ్మా. అంతే," అన్నారు. తర్వాత, "శనివారం వాక్ ఉంది కదా. అందరికీ నువ్వే చెప్పాలి," అని ఫోన్ పెట్టేశారు.

అమెరికాలో మేముండే బాతెల్‌లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్న తెలుగువాళ్లలో చాలామందికి ఆవిడ 'హైకింగ్ ఆంటీ'. వేసవి శనివారాల్లో ఎవరు వస్తానంటే వాళ్లని వెంటబెట్టుకుని కొండలకు తీసుకెళ్లేవారు. దానికి సంఘం లేదు, సభ్యత్వం లేదు. ఒక వాట్సాప్ గ్రూపు మాత్రం ఉండేది. నాకైతే ఆవిడ ఆ పేరు కంటే ముందు మా బిల్డింగ్‌లోనే పక్క ఫ్లాట్ ఆంటీ.

నేను ఎమ్మెస్ చదువుతున్న రోజులవి. ఆ ఏడు ఎండలు విపరీతంగా కాశాయి. మా బిల్డింగ్ పాతది, ఏసీలు లేవు. గదిలో ఉండలేక, కాస్త గాలి వచ్చే మెట్ల మీద కూర్చుని ల్యాప్‌టాప్‌లో జాబులకు అప్లై చేస్తున్నాను. కూరగాయల సంచితో పైకి వస్తూ ఆవిడ ఆగారు.

"ఏ ఊరమ్మా మీది?"

"వరంగల్, ఆంటీ."

"వరంగల్ పిల్లవి, ఈ ఎండకే ఇలా వాడిపోయావేంటి?"

"అక్కడ కూలర్ ఉంటది ఆంటీ. ఈడ ఫ్యాన్ గూడ లేదు."

ఆవిడకు నవ్వాగలేదు. "రేపు తెల్లారేసరికి షూస్ వేసుకుని రెడీగా ఉండు. మంచి ఏసీ ఉన్న చోటికి తీసుకెళ్తా," అన్నారు.

నేను ఏదో మాల్‌కి అనుకున్నాను. కారు హైవే వదిలి చెట్ల మధ్యకి మలుపు తిరిగినప్పుడు గానీ సంగతి తెలియలేదు. దారంతా నాకు ఎలుగుబంటి భయం. ఆ మాటే అడిగితే, "కనిపిస్తే మన అదృష్టం. కానీ మరీ అంత అదృష్టం వద్దులే," అన్నారు.

చెట్లు దాటి పైకి వెళ్లాక కొండచరియ విరిగి పడిన చోట పెద్ద పెద్ద రాళ్ల గుట్ట వచ్చింది. అక్కడ నన్ను కూర్చోబెట్టి, ఫోన్ లోపల పెట్టించి, ఊరికే ఉండమన్నారు. నేను కళ్లు చికిలించి రాళ్లన్నీ వెతుకుతుంటే, "వెతక్కు. అవి వెతికేవాళ్లకి కనపడవు, కుదురుగా కూర్చున్నవాళ్లకి కనిపిస్తాయి," అన్నారు. కాసేపటికి రాళ్ల లోపలి నుంచి రబ్బరు బొమ్మ నొక్కినట్టు 'ఈక్' మని ఒక కూత వినిపించింది. గుప్పెడంత జంతువు, గుండ్రటి చెవులు, తోక కనపడదు, నోట్లో అడ్డంగా ఒక పూలకొమ్మ. మమ్మల్ని ఒకసారి చూసి సందులోకి దూరిపోయింది.

"దాన్ని పీకా అంటారు. చూడ్డానికి ఎలుకలా ఉంటుంది గానీ కుందేలుకి చుట్టం," అని ఆంటీ గుసగుసగా చెప్పారు. చలికాలానికి సరిపడా గడ్డి ఎండబెట్టి రాళ్ల కింద దాచుకుంటుందట. ఒంటినిండా దట్టమైన బొచ్చు. ఎండలో ఎక్కువసేపు ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే పొద్దున చల్లగా ఉన్నప్పుడే పనంతా చేసుకుని, ఎండెక్కితే రాళ్ల కింద చల్లదనంలోకి పోతుంది. "నీలాంటిదే. వేడికి తట్టుకోలేక మెట్ల మీదికొచ్చి కూర్చుంటుంది," అన్నారు. చాలా రోజుల తర్వాత నేను గట్టిగా నవ్వింది అప్పుడే. ఆ నవ్వుకి మరి ఏ పీకా బయటికి రాలేదు.

ఆవిడ ఈ దేశానికి వచ్చిన కొత్తలో డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేసే వీల్లేక రోజంతా ఇంట్లోనే ఉండేవారట. "కిటికీలోంచి ఆ కొండలు కనపడేవి. ఎన్నాళ్లని చూస్తూ కూర్చుంటాను? ఒకరోజు వెళ్లి పలకరించి వచ్చా," అని చెప్పేవారు. తర్వాత పార్కులో వాలంటీరుగా చేరి, ట్రైనింగ్ తీసుకుని, కొత్తవాళ్లని నడిపించడం నేర్చుకున్నారు.

ఆవిడ వేషం చూస్తే ఎవరికైనా నవ్వొచ్చేది. కాటన్ చుడీదారు, కింద బరువైన బూట్లు, నెత్తిన వెడల్పాటి టోపీ. చున్నీ ఇంట్లో వదిలేసి, మెడకు ఒక తువ్వాలు చుట్టుకునేవారు. వాగు కనిపించిన ప్రతిచోటా దాన్ని తడిపి, పిండి, మళ్లీ చుట్టుకునేవారు. సంచిలో అల్లం, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ ఉండేది. ఎవరి ముఖం ఎర్రబడితే వాళ్ల చేతికి గ్లాసు వచ్చేది, వద్దన్నా వినేవారు కాదు. ఎవరైనా స్పీకర్‌లో పాటలు పెడితే తిట్టేవారు కాదు. "ఇక్కడ పాడేవాళ్లు వేరే ఉన్నారు నాన్నా," అనేవారు. ఉడుతలకు చిప్స్ వేయబోయిన పిల్లలకు మాత్రం గట్టిగా అక్షింతలు పడేవి.

ఒక ఆగస్టులో జరిగింది చెప్పాలి. పైనున్న సరస్సు చూద్దామని ఏడెనిమిది మందిమి బయల్దేరాం. దారిలో టైరు పంక్చరై ఆలస్యమైంది. ఎండ అప్పటికే మాడుతోంది. చివరి మలుపు తిరిగేసరికి ఎదురుగా నీళ్లు నీలంగా కనిపించాయి. అందరికీ ప్రాణం లేచొచ్చింది. అయితే మాకూ సరస్సుకూ మధ్య, దారికి అడ్డంగా, కరగకుండా మిగిలిన మంచు ముక్క ఒకటుంది. ఆ వాలులో ఇంకెక్కడా మంచు లేదు. దాని మీద ఒక తెల్లటి కొండమేక, పక్కనే దాని పిల్ల, పొట్టలు మంచుకు ఆనించి పడుకుని ఉన్నాయి. తల్లి నోరు తెరిచి రొప్పుతోంది.

ఆంటీ మమ్మల్ని దూరంగా ఆపేశారు. రాతి నీడలో కూర్చుని చాలాసేపు చూశాం. అవి లేవలేదు. పక్కనుంచి పోదామంటే వాలు నిటారుగా ఉంది. "ఇంక వెనక్కి పోదాం," అన్నారు ఆంటీ.

భార్యనూ కూతురినీ తీసుకొచ్చిన ఒకాయన ఉన్నారు. మేమంతా అన్న అనేవాళ్లం. ఆయనకు కోపమొచ్చింది. "ఆంటీ, లేక్ అదిగో కనిపిస్తూనే ఉంది. జస్ట్ ఫైవ్ మినిట్స్. సైలెంట్‌గా దాటేస్తాం. ఇంత దూరం డ్రైవ్ చేసి వచ్చింది దీనికా? ట్రెయిల్ అందరిదీ కదా?"

"అందరిదీనే నాన్నా. వాటిది కూడా," అన్నారు ఆంటీ. "కిందికి దిగితే మన కార్‌లో ఏసీ ఉంది. వాటికున్న ఏసీ అంతా ఆ మంచు ముక్కే."

ఆయన వినలేదు. మంచు వైపు నడవడం మొదలుపెట్టారు. కొంచెం దగ్గరికి వెళ్లగానే తల్లి తల తిప్పి, ముందు కాళ్ల మీద లేవబోయింది. పిల్ల కూడా లేచి, మంచు మీద జారి మోకాళ్ల మీద పడింది. "నాన్నా, స్టాప్! ప్లీజ్! బేబీ పడిపోయింది!" అని వాళ్ల అమ్మాయి ఏడుపు గొంతుతో అంది. ఆయన ఆగిపోయారు. అలాగే కాసేపు నిలబడి, మెల్లగా వెనక్కి అడుగులేసుకుంటూ వచ్చారు. తల్లి మళ్లీ పడుకుంది.

దిగేటప్పుడు ఆయన తలెత్తలేదు. ఆంటీ వెళ్లి ఆయన పక్కన నడుస్తూ, "అమ్మగారి మోకాలి ఆపరేషన్ ఎలా జరిగింది? నడుస్తున్నారా?" అని అడిగారు. పార్కింగ్‌కి వచ్చేసరికి ఇద్దరూ మామిడికాయ పప్పులో చింతపండు వేయాలా వద్దా అని వాదించుకుంటున్నారు. ఆంటీ దగ్గర నేను నేర్చుకున్న వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ దిగుదారిలో చూసిందే.

పోయిన వేసవిలో ఆవిడ తరచుగా ఆగడం మొదలుపెట్టారు. ఆగిన ప్రతిచోటా ఏదో ఒకటి చూపించేవారు. బండ మీద బోర్లా పడుకున్న మార్మోట్ అనే లావుపాటి కొండ ఉడుతో, పైన తిరిగే గద్దో. అందుకే, ఆగుతున్నది ఆయాసం వల్లనని మాలో ఎవరికీ తోచలేదు. ఒకరోజు మాత్రం ఖాళీ వాలు వైపు చూస్తూ నిలబడ్డారు. నాకు అనుమానమొచ్చి దగ్గరికి వెళ్లాను.

"ఏం చూస్తున్నరు ఆంటీ?"

"ఏమీ లేదమ్మాయ్. కాస్త ఊపిరి కూడదీసుకుంటున్నా." గుండె వాల్వు పాడైందనీ, ఎత్తులకు వెళ్లొద్దని డాక్టరు అన్నారనీ అప్పుడు చెప్పారు. "ఇదే ఆఖరు కొండ నాకు. వాళ్లకి చెప్పకు, దిగేదాకా మొహాలు వేలాడేస్తారు. ఇకనుంచి ముందు నువ్వు నడువు."

నాకు ఏడుపొచ్చింది. "నాకేం తెల్వదు ఆంటీ. పక్షుల పేర్లు గూడ యాదుండవు."

"పేర్లు ఎవరైనా ఫోన్‌లో చూసుకుంటారు. ఎవరు అలిసిపోయారో చూడ్డం నీకొచ్చు. ఇప్పుడు నన్ను పట్టుకున్నావుగా," అన్నారు.

ఆవిడ పోయిన నాలుగు వారాలకు మళ్లీ నడక పెట్టుకున్నాం. అంకుల్ తనూ వస్తానన్నారు. "అంత కష్టపడి ఎక్కి మళ్లీ దిగడమెందుకు?" అంటూ ఇన్నేళ్లూ ఇంటి దగ్గరే ఉన్న మనిషి. ఎక్కువ ఎత్తు లేని దారి చూసి, ఆయన నడక వేగానికి తగ్గట్టు అందరం నెమ్మదిగా వెళ్లాం. ఒక మలుపు దగ్గర ఆయన మాకంటే కొంచెం ముందున్నారు. దారి మధ్య పొడిమట్టిలో కోడి లాంటి అడవి పక్షి ఒకటి రెక్కలు విదిలిస్తూ ధూళిస్నానం చేస్తోంది. చుట్టూ దాని పిల్లలు, మట్టి రంగులో, దూదిపింజల్లా ఉన్నాయి.

ఎవరూ ఆయనకు ఏమీ చెప్పలేదు. అంకుల్ వెనక్కి తిరగకుండానే, మమ్మల్ని ఆపుతూ ఒక చెయ్యి పక్కకు చాచారు. ఎండ నేరుగా ఆయన బట్టతల మీద పడుతోంది. చెమట చెంపల మీదుగా కారుతోంది. తుడుచుకోలేదు. ఒక్కొక్క పిల్లా పొదలోకి వెళ్లేదాకా, ఆ తర్వాత తల్లి కూడా ఒళ్లు దులుపుకుని వెళ్లేదాకా, ఆ చెయ్యి అలాగే గాలిలో నిలిచి ఉంది.