గోనె చేతితొడుగులు

ఆ ఆదివారం పొద్దున గౌలిపురలోని మా ఇంటి పెరట్లో ఉన్నవి ఇవి: ఒక ముళ్ళ నిమ్మచెట్టు, ఎండిన గులాబీ కొమ్మలు, గోడవారన ఎవరూ నాటకుండానే పెరిగిన రేగుపొద, నేలంతా పల్లేరుకాయలు, మధ్యలో తులసికోట. ఉన్నవాళ్ళు: కొడవలితో నేను, చీపురుతో అమ్మ, నులకమంచం మీద చుట్ట కాలుస్తూ బాపు. పొట్టిగోడ అవతల పాలమ్మే అత్త, ఆమె బర్రె. అత్త మాకు చుట్టమేమీ కాదు. మధ్యలో ఉన్న గోడే చుట్టరికం.

ఉగాది దగ్గరికొచ్చింది. పండుగ ముందు పెరడు బాగుచేయడం మా ఇంట్లో నా పని. సోమవారమే నాకు డ్రాయింగ్ పరీక్ష. టెక్నికల్ స్కూల్లో నక్షాలు గీయడం నేర్చుకుంటున్నాను. సిరా కలంతో ట్రేసింగ్ బట్ట మీద గీయాలి, తప్పు పడితే తుడవడానికి వీల్లేదు. వేలిలో చిన్న ముల్లు దిగినా గీత వణుకుతుంది. గీత వణికితే మరో ఏడాది అదే బెంచీ. కిందటేడు రేగుముల్లు బొటనవేలిలో విరిగి, వేలు వంకాయలా వాచింది.

"పరీక్ష అయినంక చేస్తనమ్మా" అని రెండు రోజుల ముందే అన్నాను.

"పండుగ నీ పరీక్ష కోసం ఆగుతదారా?" అంది అమ్మ.

కాబట్టి చేతులు కాపాడుకునే ఉపాయం వెతికాను. కొలిమి క్లాసు మిత్రుడి దగ్గర తోలు తొడుగులు ఉన్నాయి. "తోలు ఏసుకొని తులసమ్మ కాడికొస్తవా? కాళ్ళిరగ్గొడ్త" అంది అమ్మ. పాత ధోవతి చుట్టుకుంటే ముల్లు దిగుతుంది. ఇక మిగిలింది గోనె. యుద్ధం మూలాన కొత్త గోనెలు దొరకడం లేదు. శనివారం ఉస్మాన్‌గంజ్‌కు వెళ్ళి, అక్కడి టోకు బజారులో ఒక కొట్టు ముందున్న పాత గోనెల కుప్పలో అన్నిటికంటే మందమైనదాన్ని ఏరుకున్నాను.

"దేనికి భాయ్?" అని అడిగాడు అక్కడి హమాలీ.

"చేతులకు."

"రెండు మణుగులు పట్టే గోనె గిది. నీ చేతులు గంత పెద్దగున్నయా?" అని, పక్కనున్న వాళ్ళను కూడా పిలిచి నా చేతులు చూపించాడు.

ఆ వారం నాకు పడిశం. ముక్కు రెండు వైపులా మూసుకుపోయింది. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. నేను గుర్తుంచుకోలేదు.

ఇంటికొచ్చి, కాగితం మీద అరచేయి పెట్టి చుట్టూ గీశాను. కుట్టుకు అర అంగుళం కలిపాను. బొటనవేలికి ఒక తిత్తి, మిగతా నాలుగు వేళ్ళకూ కలిపి ఒకటి. దబ్బనంతో, సుతిలి తాడుతో కుడుతుంటే పక్కన కూర్చున్న అమ్మ తుమ్మింది. కాసేపటికి గుమ్మంలో ఉన్న బాపు తుమ్మాడు. నా పడిశం ఇంట్లో పాకుతోందని, అదీ దూరాన్ని బట్టి వరసగా పాకుతోందని గ్రహించాను. ఆదివారం పొద్దున గోడ అవతల బర్రె కూడా తుమ్మేసరికి, ఈ జబ్బు పశువులకూ వస్తుందన్నమాట అనుకున్నాను.

తడిపితే గోనె పోగులు ఉబ్బి నేత దగ్గరవుతుంది, ముల్లు దూరడానికి సందుండదు. ఇది క్లాసులో నేర్చుకున్న విషయం. తొడుగులను బకెట్లో ముంచి, పిండి, వేసుకున్నాను.

"ఏందిరా, ఎలుగ్గొడ్డు పెండ్లికి పోతున్నట్టున్నవ్?" అన్నాడు బాపు.

"మా బర్రె బెదురుతున్నది బిడ్డా. పాలెగ్గొట్టిందంటే మొదాలు మీ ఇంటికే బందు" అంది అత్త.

తొడుగులు మాత్రం అద్భుతంగా పనిచేశాయి. రేగుపొదను మొదలంటా పీకాను. నిమ్మ ఎండుపుల్లలు విరిచాను. ఒక్క ముల్లూ దిగలేదు. కాసేపటికి చేతులు వెచ్చబడ్డాయి. రాపిడి అనుకున్నాను. ఇంకా వేడెక్కాయి. పనిచేస్తే రక్తం బాగా ఆడుతుంది కదా అనుకున్నాను. కాలే పెనం పట్టుకున్నట్టు అయ్యేసరికి నా దగ్గర కారణాలు అయిపోయాయి. తొడుగులు తీసి చూస్తే అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"రెండు కొమ్మలు గుంజంగనే అలిసినవా? ఇటియ్యి" అంటూ బాపు లేచి తొడుగులు వేసుకున్నాడు. గులాబీ మొద్దును ఒక్క ఊపున లాగాడు. గెలిచినవాడిలా నిలబడి, కంట్లోకి కారుతున్న చెమటను తొడుగుతోనే తుడుచుకున్నాడు.

"వామ్మో! కండ్లు! నా కండ్లు పాయెనే!"

అమ్మ చీపురు పడేసి వచ్చి, ఒక తొడుగు లాగి వాసన చూసి, వరసగా తుమ్మింది. "మిర్పకాయల గోనెర గిది! నీ ముక్కేమాయె?"

"పడిశమమ్మా."

"మేం తుమ్ముతుంటే సోయి లేదా?"

"మీకు గూడ పడిశం అంటుకున్నదనుకున్న."

"మా బర్రెకు గూడనా?" అంది గోడ అవతలి నుంచి అత్త.

అవునన్నాను. ఆమె గోడకు ఆనుకుని, ఊపిరాడకుండా నవ్వింది. తర్వాత చల్లకుండ అందించి, "చేతులు గీ సల్లల పెట్టు" అంది. మణికట్ల దాకా ముంచి కూర్చున్నాను. మంచం మీద బాపు కళ్ళ మీద పాలలో తడిపిన గుడ్డ వేసుకుని పడుకున్నాడు.

"రేపు గదరా నీ పరీక్ష?" అన్నాడు, ఈసారి నవ్వకుండా.

ఒక చేయి తీసి పెన్సిల్ పట్టుకున్నాను. వేళ్ళు బిగించగానే మంట మొదలైంది. మొన కాగితానికి తగలకముందే పెన్సిల్ జారింది. మళ్ళీ కుండలో పెట్టాను. అమ్మ మిగిలిన పల్లేరుకాయలు తానే ఊడ్చేసింది.

పొద్దుటికి ఎరుపు తగ్గింది గాని, మునివేళ్ళలో సెగ అలాగే ఉంది. బడికి బయల్దేరేముందు కూడా చేతులు చల్లలో ముంచాను. పరీక్షలో కలాన్ని గట్టిగా పట్టుకోలేక, వేళ్ళ కొసల మీద ఊరికే ఆనించి గీశాను. వృత్తాలు బాగానే వచ్చాయి. అక్షరాల దగ్గర మాత్రం వేళ్ళు బిగించక తప్పలేదు, అవి వంకర పోయాయి. మాస్టారు తిరుగుతూ నా బల్ల దగ్గర ఆగి, గాలి పీల్చి, "క్యా మియా, దహీ సే నహా కే ఆయే?" అన్నారు. పెరుగుతో స్నానం చేసి వచ్చావా అని. తర్వాత నా కలం వైపు వంగి చూశారు. ఏడాదంతా కలాన్ని వదులుగా పట్టమని నా మీద అరిచిన మనిషి, తలూపి ముందుకు వెళ్ళిపోయారు.

పండుగ అయ్యాక ఫలితాలు గోడకు అంటించారు. పాసు మార్కు నలభై. నాకు వచ్చినవి నలభై మూడు.